పన్నెండు బల్బులు

ఇది ఎండ కోసం కట్టిన బండి.
మే నెల నడిమధ్యాన్నం గూడ లోపల ఊటీ అయితది.
రెండు ఏసీలు, నల్లద్దాలు, రేకుల నడుమ దూది.
సలి సంగతి ఎవ్వరూ అడగలే.
"హైదరాబాదుల కారవాన్‌కు హీటరేందిరా" అని
నేను అడిగిన్నాడు సురేందర్ సేటు నవ్విండు.

శంకర్‌పల్లి దారిల, గుండ్ల ఎనుక సెట్టు.
కశ్మీరు పాట.
ఉప్పు, సబ్బు నురుగు, దూది,
మూడు లారీల మంచు దించిన్రు.
హీరోయిన్ తొమ్మిదింటికే హోటల్‌కు పోయింది.
పదకొండుకు అసలు సలి దిగింది,
పిలువకుండనే, కాల్షీట్ లేకుండనే.

గుండ్లు పగటి ఎండను దాచుకుంటయంటరు.
అబద్ధం.
ఆ రాత్రి అవి ఇగాన్నే దాచుకున్నయ్,
మా మీదికి కొంచెం కొంచెం ఇడిచినయ్.

నేనూ గౌసూ ముందు క్యాబిన్‌ల పంటం.
లోపలి పరుపు మాది కాదు.
ఆ రజాయి మడత మీద ఒక్క ఎంట్రుక పడ్డా
పొద్దుగాల లెక్క తేలుతది.
పాత పేపరు చింపి బనీనుకూ స్వెట్టరుకూ నడుమ
జొనుపుకున్నడు గౌస్:
"ఉల్లిగడ్డ ధర కడుపు మీద, పెండ్లి ప్రకటనలు ఈపు మీద"
అని వణుక్కుంటనే నవ్విండు.
సీసాల వేడినీళ్లు పోసి సాక్సుల దూర్చినం,
సీసా సొట్టపోయింది.
డోరు సందుకు తువాల. కాళ్ల కింద అట్టపెట్టె.
లైటింగోళ్ల థర్మకోలు షీట్లు అద్దాలకు ఆనించినం.
అయినా మోకాళ్లు మా మాట ఇనలే.

గప్పుడు తలుపు కొట్టింది బాలామణక్క.
అరవై దాటిన జూనియర్ ఆర్టిస్టు, కృష్ణానగర్ మనిషి.
ఎనుక ఇంకో ఆరుగురు, కశ్మీరోళ్ల ఏషంల,
పైకి ఉన్నికోటు తీరు, లోపల ఉత్త అస్తరు గుడ్డ.
"బస్సొస్తదన్నరు, రాలే.
మంట పెడదామంటే సెట్టు కాలుతదన్నరు.
జర లోపల నిలబడనీ తమ్మీ. కూసోం."

జేబుల తాళంచెవి సల్లగ తాకింది.
సేటు మొకం యాదికొచ్చింది, ఆగిన రెండు నెలల జీతం యాదికొచ్చింది.
ఆ "కూసోం" అన్న మాట
రెంటినీ పక్కకు జరిపింది.

జనరేటర్ ఏసినం. ఏసీకి వేడి రాదు.
కుంపటి పెడదామన్నరు ఎవరో. వద్దన్న.
మా బామ్మర్ది దోస్తు లారీల బొగ్గులు రాజేసుకొని పండిండు,
మళ్ల లేవలే.
కిటికీ ఏలెడంత తెరిచే ఉంచిన.

ఇగ మిగిలింది మేకప్ అద్దం,
దాని చుట్టు పన్నెండు పాత పసుపు బల్బులు.
ఎల్‌ఈడీలు ఏయించమని సేటు దసరా నుంచి అంటున్నడు,
నేనే రేపూ మాపూ అంటున్న.
నా బద్ధకానికి ఆ రాత్రి నేనే దండం పెట్టిన.

తొమ్మిది మందిమి, పద్దెనిమిది చేతులు.
ఇన్నేండ్లు ఒక్క మొకం కోసమే ఎలిగిన అద్దంల
మేం ఇమడలే, ఒకరి చెవి ఇంకొకరికి అతికింది.
బాలామణక్క తనను తాను చూసుకోనే లేదు.
మక్కకంకి కాల్చినట్టు
మూడో బల్బు ముంగట అరచేతులు తిప్పుకుంట
"ముప్పై ఏండ్లాయె,
లైటు నా మీద పడుడు ఇదే మొదలు" అన్నది.
నవ్వాల్నా వద్దా తెల్వక
గౌస్ ముక్కు చీదిండు.

ఊపిర్లకు అద్దాలు చెమర్చినయ్.
నిలబడ్డోళ్లు నిలబడ్డట్టే కిందికి జారి
ఒకరి భుజం మీద ఒకరు.
రజాయిని ఎవ్వరూ ముట్టలే.
తెల్లారుజామున చూస్తే మటుకు
దాని ఒక కొస బాలామణక్క పాదాల మీదుంది.
గౌస్ అటు తిరిగి పన్నడు, నిద్రవోయినట్టు.

ఏడింటికి హీరోయినొచ్చింది.
"లోపల ఉక్కగుందేంటి, ఏసీ వేయండి" అన్నది.
ఏసినం.

ఎనిమిదింటికి సేటు ఫోను:
"డీజిలు ఎనిమిది లీటర్లు తక్కువుందేందిరా?"
"రాత్రి మంచు వడ్డది సేటూ" అన్న.
అబద్ధమేం కాదు,
బయట ఇంకా ఊడుస్తనే ఉన్నరు.